సాక్షి కేంద్రంగా అపరాధ నవల: ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పాఠకులకు ఒక పఠన ప్రతిపాదన

1. ప్రస్తావన

తెలుగులో అపరాధ పరిశోధక నవలను గురించిన విమర్శ సాధారణంగా రెండు మాటల దగ్గర ఆగిపోతుంది. అది కాలక్షేప సాహిత్యమన్నది ఒకటి. అక్షరాస్యులైన వారిని పాఠకులుగా మార్చిందన్నది మరొకటి. రెండింటిలోనూ సత్యం ఉంది. అయితే ఈ రెండు మాటలూ ప్రక్రియ మొత్తాన్ని ఒక్క గంపలో వేసి తూచేవే. ఆ ప్రక్రియలో ఏ నవల మంచిది, ఎవరికి మంచిది, ఎందుకు మంచిది అన్న ప్రశ్నకు వీటిలో సమాధానం దొరకదు. శాఖా గ్రంథాలయానికి వచ్చిన యువకుడు మంచి క్రైమ్ నవల ఏదైనా ఉంటే ఇమ్మని అడిగినప్పుడు గ్రంథాలయాధికారి చేసే సిఫారసు, తరగతి ముగిసిన తరువాత విద్యార్థి అడిగితే అధ్యాపకుడు చెప్పే పేరు, ఇవి కూడా విమర్శ చర్యలే. ప్రతి సిఫారసు వెనుకా ఒక కొలత ఉంటుంది. ఆ కొలతను బయటికి తీసి పరీక్షించడం విమర్శ బాధ్యత.

ఈ వ్యాసం ఆ ప్రశ్నను కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాల పాఠకులను దృష్టిలో పెట్టుకొని పరిశీలిస్తుంది. ఈ మూడింటినీ ఎంచుకోవడానికి కారణం ఉంది. ముఠాకక్షల చరిత్ర కారణంగా ఈ ప్రాంతంలో హత్య, కేసు, సాక్ష్యం, రాజీ అనే మాటలు పుస్తకాలలో మాత్రమే ఎదురయ్యేవి కావు. అవి కుటుంబాల జ్ఞాపకంలో ఉన్నవి. అటువంటి పాఠకుడి చేతిలో అపరాధ నవల పెట్టేటప్పుడు ‘హంతకుడు ఎవరు?’ అన్న ఉత్కంఠ ఒక్కటే కొలత కాజాలదు. సాక్షిని నవల ఏ విధంగా చూసింది అన్నదే ఇక్కడ సరైన కొలత అన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

ఒక జాగ్రత్త ముందుగానే అవసరం. ఈ మూడు పట్టణాలనూ హింసకు పర్యాయపదాలుగా చూడటం అన్యాయం. ప్రొద్దుటూరు బంగారు వ్యాపారానికీ, చేనేతకూ, పత్తి వర్తకానికీ పేరుపొందిన ఊరు. గడియారం వేంకట శేషశాస్త్రి, దుర్భాక రాజశేఖర శతావధాని, పుట్టపర్తి నారాయణాచార్యులు వంటి కవులు సంచరించిన సాహిత్య క్షేత్రం. పెన్న ఒడ్డున ఉన్న జమ్మలమడుగుకు గండికోట, మైలవరం జలాశయం, నాపరాతి గనులు గుర్తింపునిచ్చాయి. పులివెందుల పరిసరాలు చీనీ, అరటి తోటల సీమ. ఇక్కడి అధిక సంఖ్యాకుల జీవితం కరువుతో, సేద్యంతో, వ్యాపారంతో ముడిపడినదే. కొద్దిమంది నడిపిన కక్షల మధ్య ఆ అధిక సంఖ్యాకులు నిలబడిన స్థానం పేరే ‘సాక్షి’. అందువల్లనే ఈ చర్చకు ఆ పాత్ర కేంద్రమైంది.

2. సంప్రదాయ అపరాధ నవల: మూడు ఊహలు

ఇరవయ్యో శతాబ్ది తొలి భాగంలో ఆంగ్లంలో స్థిరపడిన పరిశోధక నవలకు రచయితలే నియమావళి రాసుకున్నారు. అమెరికన్ రచయిత ఎస్.ఎస్. వాన్ డైన్ 1928లో ఇరవై సూత్రాలనూ, ఆంగ్ల రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లో పది సూత్రాలనూ ప్రతిపాదించారు. వాటి సారాంశం న్యాయమైన ఆట. పరిశోధకుడికి దొరికిన ఆధారాలన్నీ పాఠకుడికీ దొరకాలి. అతీంద్రియ శక్తులతోనో, అకస్మాత్తుగా ఊడిపడిన పాత్రలతోనో చిక్కు విప్పకూడదు. ఈ నియమాలు నవలను బుద్ధికి సంబంధించిన క్రీడగా మార్చాయి. 1948లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో కవి ఆడెన్ ఈ క్రీడకు ఉన్న నైతిక రూపాన్ని వివరించాడు. ఆ వివరణ ప్రకారం ఇటువంటి నవలలోని సమాజం మొదట నిర్దోషిగా ఉంటుంది. హత్య ఆ నిర్దోషిత్వాన్ని భంగపరుస్తుంది. దోషి దొరకడంతో సమాజం తిరిగి పూర్వస్థితికి చేరుకుంటుంది.

ఈ నిర్మాణం మూడు ఊహల మీద ఆధారపడింది. హంతకుడు ఎవరో సమాజానికి తెలియదు అన్నది మొదటిది. అడిగితే మనుషులు మాట్లాడతారు అన్నది రెండవది. వారు అబద్ధమాడినా తమ సొంత రహస్యాన్ని దాచుకోవడానికే ఆడతారు. సత్యం ఒకసారి వెల్లడైతే చట్టం తన పని తాను చేసుకుపోతుంది అన్నది మూడవది. అగాథా క్రిస్టీ నవలలో చివరి అధ్యాయాన అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి పరిశోధకుడు హంతకుడి పేరు చెప్పినప్పుడు పాఠకుడికి కలిగే తృప్తి ఈ మూడు ఊహలూ కలిసి ఇచ్చిందే. ఆ గదిలో ఉన్నవారు మరునాడు ఏ ఊరికి వెళతారు, అక్కడ ఎవరి ఎదుట పడతారు అన్న ప్రశ్న ఆ నవలకు అవసరం లేదు.

3. యుగంధర్ నగరం, కడప కథకుల పల్లె

తెలుగు అపరాధ నవల అనువాదాలతో ఆరంభమైంది. బెంగాలీ రచయిత పాంచ్‌కడీ దే నవలలు ఇరవయ్యో శతాబ్ది ఆరంభ దశాబ్దాలలోనే తెలుగు పాఠకులను ఆకర్షించాయి. 1950ల చివరి నుంచి కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ ఈ ప్రక్రియకు స్థిరమైన తెలుగు ముఖాన్ని ఇచ్చాడు. ఆరుద్ర వంటి ప్రముఖ కవి సైతం డిటెక్టివ్ నవలలు రాయడం ఈ ప్రక్రియకు ఉన్న ఆకర్షణను సూచిస్తుంది. తరువాతి కాలంలో మధుబాబు ‘షాడో’ నవలలు, మల్లాది వెంకట కృష్ణమూర్తి, యండమూరి వీరేంద్రనాథ్ రచనలు అద్దె పుస్తకాల దుకాణాల ద్వారా చిన్న పట్టణాల దాకా చేరాయి.

యుగంధర్ కార్యక్షేత్రం మద్రాసు. టెలిఫోను మోగుతుంది, కారు బయలుదేరుతుంది, సహాయకుడు రాజు అనుమానితుడిని వెంబడిస్తాడు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు సంప్రదిస్తాడు. ఈ ప్రపంచంలో మనుషులు ఒకరికొకరు అపరిచితులు. పక్క ఇంట్లో ఎవరున్నారో తెలియని నగరంలోనే ‘ఎవరు?’ అన్న ప్రశ్నకు బలం ఉంటుంది. కొమ్మూరి నవలల వేగం, సంభాషణల్లోని పొదుపు, ఆధారాన్ని ఆధారంతో జతచేసే తర్కం నేటికీ చదివించే గుణాలే. అయితే అక్కడ సాక్షి వచ్చి చెప్పవలసింది చెప్పి వెళ్ళిపోతాడు. అతడు కథకు ఒక మెట్టు. మెట్టు ఎక్కిన తరువాత దానివైపు తిరిగి చూడవలసిన పని కథకు ఉండదు.

ఇదే కాలంలో కడప జిల్లాలో మరొక సాహిత్య సంప్రదాయం బలపడింది. రాచమల్లు రామచంద్రారెడ్డి సంపాదకత్వంలో 1968లో ఆరంభమైన ‘సంవేదన’ త్రైమాసిక పత్రిక, ఆయన ‘సారస్వత వివేచన’లోని విమర్శ, సొదుం జయరాం, కేతు విశ్వనాథరెడ్డి కథలు ఈ నేల జీవితాన్ని వాస్తవిక దృష్టితో చూసే చూపును అలవరచాయి. కరువు, అప్పు, కులం, పార్టీ, భూమి, పల్లె పెద్దరికం ఈ కథలకు వస్తువులయ్యాయి. ఈ సంప్రదాయంలో నేరం ఉంటుంది. అది పల్లె జీవితంలోని అధికార సంబంధాలలో భాగంగా ఉంటుంది. పరిశోధన మాత్రం దాని మార్గం కాదు.

ఫలితంగా రెండు ధారలు విడివిడిగా ప్రవహించాయి. పరిశోధక నవలకు పల్లె లేదు. పల్లె కథకు పరిశోధన లేదు. ఈ ఖాళీని 1990ల చివర సినిమా ఆక్రమించింది. ‘ప్రేమించుకుందాం రా’ (1997), ‘సమరసింహారెడ్డి’ (1999), ‘నరసింహనాయుడు’ (2001), ‘ఇంద్ర’ (2002) వంటి చిత్రాలు రాయలసీమ కక్షలను జనరంజక వస్తువుగా మార్చాయి. ఈ చిత్రాలలో ఊరి జనం ఉంటారు. వారు పరుగెత్తుతారు, ఏడుస్తారు, కథానాయకుడికి దండం పెడతారు. కోర్టు బోనులో నిలబడి ‘నేను చూశాను’ అని చెప్పే మనిషికి అక్కడ చోటు దాదాపు లేదు. పగకు పగ సమాధానమైనప్పుడు సాక్ష్యంతో పని ఉండదు. ఈ ప్రాంతపు పాఠకుడికి తన ఊరు ఎంతో బిగ్గరగా వినిపించిన రూపంలోనే తన స్థానం మాత్రం కనిపించకుండా పోయింది.

4. ఊరికి తెలిసిన పేరు, కోర్టుకు తెలియని నిజం

కక్షలున్న పల్లెలో హత్య జరిగితే మొదటి ఊహ కూలిపోతుంది. చంపినది ఎవరో, చంపించినది ఎవరో పొద్దు వాలేలోగా ఊరంతా చెప్పుకుంటుంది. మిస్టరీ అక్కడ ముగిసినట్టే కనిపిస్తుంది. నిజానికి అది అక్కడే మొదలవుతుంది. ఊరికి తెలిసినది కోర్టుకు ఎలా తెలియాలి?

ఈ దూరాన్ని చట్ట ప్రక్రియే చూపిస్తుంది. దర్యాప్తులో పోలీసులకు సాక్షి చెప్పిన మాటను వారు రాసుకుంటారు. చట్టం ప్రకారం దాని మీద సాక్షి సంతకం ఉండదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 161, 162 సెక్షన్లు నెలకొల్పిన ఈ పద్ధతి 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త సంహితలోనూ కొనసాగుతోంది. కోర్టులో ప్రమాణం చేసి చెప్పినదే సాక్ష్యం. ఈ రెండు సందర్భాల మధ్య సంవత్సరాలు గడవవచ్చు. ఆ సంవత్సరాలలో సాక్షి అదే వీధిలో నడవాలి, అదే కాలువ నీటికి వంతు కోసం నిలబడాలి, అదే బస్సు ఎక్కాలి. పత్రికలు ‘అడ్డం తిరిగిన సాక్షి’ అని ఒక్క మాటలో రాసే పరిణామం వెనుక ఉన్న కాలం ఇది. సాక్షి భద్రత ఎంత తీవ్రమైన సమస్యో గుర్తించి, మహేందర్ చావ్లా కేసులో 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించి దేశమంతటా అమలు చేయాలని ఆదేశించింది. ముప్పు తీవ్రతను బట్టి సాక్షులను మూడు వర్గాలుగా విభజించిన పథకం అది. చట్టం ఇంత ఆలస్యంగా పట్టించుకున్న మనిషిని అపరాధ నవల అంతకన్న ముందే పట్టించుకున్నదా అన్నది సాహిత్య విమర్శ వేయదగిన ప్రశ్న.

అయితే దీనికి మరొక పార్శ్వం ఉంది. ఊరికి తెలిసినదంతా నిజమేనా? ముఠాల మధ్య జరిగిన దాడులలో నిజమైన నిందితులతో పాటు ఎదుటి వర్గంలోని నిర్దోషుల పేర్లు కూడా ఫిర్యాదులో చేర్చే ధోరణిని న్యాయస్థానాలు పలుమార్లు ప్రస్తావించాయి. ఉత్తరప్రదేశ్‌కు చెందిన మసల్తీ కేసులో 1964లో సుప్రీంకోర్టు ఈ చిక్కును సూటిగా ఎదుర్కొన్నది. కక్షలున్న గ్రామంలో సాక్షులు ఏదో ఒక వర్గానికి చెందినవారే అయి ఉంటారు గనుక ఆ ఒక్క కారణంతో వారి సాక్ష్యాన్ని తోసివేయరాదని చెబుతూనే, దానిని మిక్కిలి జాగ్రత్తగా పరిశీలించాలన్నది. పెద్ద గుంపు పాల్గొన్న నేరంలో ఇద్దరు ముగ్గురు సాక్షులు పరస్పరం పొసగే విధంగా చెప్పినప్పుడే శిక్ష విధించడం తగినదన్న పరీక్షను ఆమోదించింది. అంటే ‘అందరికీ తెలుసు’ అన్న మాటలో ధైర్యంగా బయటపెట్టవలసిన నిజమూ ఉండవచ్చు, నిర్దోషిని ఉరికంబం దాకా నడిపించగల అబద్ధమూ ఉండవచ్చు.

కాబట్టి ఈ ప్రాంతపు పాఠకుడికి సిఫారసు చేయదగిన అపరాధ నవల రెండు పనులలో కనీసం ఒకటైనా గట్టిగా చేయాలి. ఊరు చెప్పుకునే మాటను ఆధారంతో పరీక్షించడం ఒకటి. నిజం చెప్పిన మనిషి చెల్లించే మూల్యాన్ని లెక్కించడం రెండవది. మొదటిది సాక్ష్యానికి సంబంధించినది. రెండవది సాక్షికి సంబంధించినది.

5. సిఫారసుకు అర్హమైన నవలలు

5.1. సాక్షి మూల్యం: ఈ కొలతకు అందరికన్న ముందు నిలిచే నవల ఇటలీ రచయిత లియోనార్దో షాషా రాసిన ‘ది డే ఆఫ్ ది ఔల్’ (1961). సిసిలీ ద్వీపంలోని ఒక చిన్న పట్టణంలో తెల్లవారుజామున కదలబోతున్న బస్సు ఎక్కుతున్న కాంట్రాక్టరును కాల్చి చంపుతారు. పోలీసులు వచ్చేసరికి ప్రయాణికులు ఒక్కొక్కరుగా జారుకొంటారు. బస్సు పక్కనే చిరుతిండి అమ్ముకునే మనిషికి కాల్పులు జరిగిన సంగతే తెలియనట్టు ఉంటుంది. ఉత్తర ఇటలీ నుంచి వచ్చిన కెప్టెన్ బెల్లోదికి హంతకులెవరో తెలుసుకోవడం పెద్ద కష్టం కాదు. తెలిసినదాన్ని నిలబెట్టడమే కష్టం. హంతకుడిని దారిలో చూసిన ఒక సామాన్యుడు మాయమవుతాడు. అతడి భార్య ఒక మారుపేరు చెబుతుంది. పోలీసులకు రహస్యంగా సమాచారమిచ్చే మనిషి తన చావు దగ్గరపడిందని తెలిసే రెండు పేర్లు రాసి పంపుతాడు. ప్రతి పేరు వెనుకా ఒక ప్రాణం ఉంది. ఇందులో ఉత్కంఠ ‘ఎవరు?’ అన్న ప్రశ్నలో లేదు. మాట్లాడినవారు ఏమవుతారన్న భయంలో ఉంది. పులివెందుల నుంచి జమ్మలమడుగు వెళ్ళే తొలి బస్సులో కూర్చున్న పాఠకుడికి ఆ మొదటి పుటలు అర్థం కావడానికి పాదసూచికలు అక్కరలేదు.

5.2. ఊరి బాధ్యత: గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్ ‘క్రానికల్ ఆఫ్ ఎ డెత్ ఫోర్‌టోల్డ్’ (1981) మరొక కోణాన్ని తెరుస్తుంది. సాంతియాగో నాసార్‌ను చంపబోతున్నామని వికారియో కవల సోదరులు ఎదురైన వారందరికీ చెప్పుకుంటూ తిరుగుతారు. ఊరంతటికీ తెలుసు, హతుడికి మాత్రం దాదాపు చివరి క్షణం దాకా తెలియదు. కొందరు తాగి వాగుతున్నారనుకున్నారు, కొందరు ఎవరో ఒకరు చెప్పి ఉంటారులే అనుకున్నారు, కొందరికి అది పరువుకు సంబంధించిన విషయం గనుక జరగవలసిందే అనిపించింది. ఎన్నో ఏళ్ళ తరువాత కథకుడు ఒక్కొక్కరి జ్ఞాపకాన్నీ సేకరిస్తాడు. ఆ ఉదయం వాన పడిందా లేదా అన్న విషయంలో కూడా వారి మాటలు పొసగవు. చూసినవారందరూ సాక్షులే, వారి సాక్ష్యాలను కలిపితే ఊరి నేరపత్రం తయారవుతుంది. పరువు, వంశం, పౌరుషం అన్న మాటలు చంపడానికి అనుమతిపత్రాలుగా మారే తీరు కడప పాఠకుడికి దూరపు సంగతి కాదు. పెళ్ళి రద్దయి పుట్టింటికి చేరిన ఆంజెలా వికారియో చెప్పిన ఒక్క పేరు నిజమేనా అన్న సందేహాన్ని నవల చివరి దాకా తీర్చదు. ఊరు నమ్మిన మాటను పరీక్షించకపోతే ఏమవుతుందో ఆ మౌనం చెబుతుంది.

5.3. కరువు, పాత అబద్ధం: సమకాలీన నవలల్లో జేన్ హార్పర్ ‘ది డ్రై’ (2016) ఈ ప్రాంతానికి బాగా చేరువైనది. ఆస్ట్రేలియాలో చాలాకాలంగా చినుకు లేని కియవారా అనే కల్పిత పల్లెపట్టున ఒక రైతు, అతడి భార్య, కొడుకు మరణిస్తారు. కరువుకు తాళలేక రైతే ఆ పని చేసి తానూ చనిపోయాడని ఊరు తేల్చేస్తుంది. మిత్రుడి అంత్యక్రియలకు వచ్చిన పోలీసు అధికారి ఆరన్ ఫాక్ తన బాల్యంలోని మరొక మరణాన్ని కూడా ఎదుర్కోవలసి వస్తుంది. అప్పట్లో అతడూ మిత్రుడూ కలిసి ఒక అబద్ధపు సాక్ష్యం చెప్పారు. ఆ అబద్ధమే అతడిని ఊరి నుంచి వెళ్ళగొట్టింది. ఎండిన నది, అప్పులు, మూతబడే దుకాణాలు, కొత్తవారి మీద అనుమానం ఇందులో కేవలం నేపథ్య చిత్రణ కాదు. కరువు మనుషుల మధ్య నమ్మకాన్ని ఎంత పలచన చేస్తుందో ఆ నవల కథనంలోనే చూపుతుంది. ఇందులో సంప్రదాయ పరిశోధక నవల ఇచ్చే చిక్కూ ఉంది, దాని పరిష్కారమూ ఉంది. ఆ కారణంగా షాషా, మార్క్వెజ్‌ల వైపు వెళ్ళేందుకు దీనిని తొలి మెట్టుగా సూచించవచ్చు.

5.4. సాక్ష్యం తయారీ: జపాన్ రచయిత కేయిగో హిగాషినో 2005లో ప్రచురించిన ‘ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్’లో హత్య మొదట్లోనే పాఠకుడి కళ్ళ ముందు జరుగుతుంది. వేధించే మాజీ భర్త చేతిలో చిక్కిన ఒక తల్లి, ఆమె కూతురు, వారిని కాపాడాలనుకున్న పొరుగింటి గణితోపాధ్యాయుడు. అంతవరకు పాఠకుడికి అన్నీ తెలుసు. తెలియనిదల్లా ఆ ఉపాధ్యాయుడు పోలీసుల ప్రశ్నలను ముందుగానే ఊహించి సాక్ష్యాన్ని ఏ విధంగా నిర్మించాడన్నది. నేరం జరిగిన సమయానికి నిందితుడు మరొకచోట ఉన్నాడని చెప్పే వాదనను ఎలా తయారు చేస్తారో, దానికి ఎక్కడ బీట వారుతుందో ఈ నవల చూపినంత స్పష్టంగా చూపినవి తక్కువ. సానుభూతి మొత్తం నేరం చేసినవారి వైపు ఉన్నప్పుడు కూడా నిజానికి విలువ ఉంటుందా అన్న ప్రశ్నను అది పాఠకుడి ముందు పెడుతుంది. మనవాడు అన్న కారణంతో సాక్ష్యం చెప్పడమూ, మానడమూ అలవాటైన సమాజంలో ఈ ప్రశ్న అవసరమైనది.

5.5. తెలుగులో ఒక ఉదాహరణ: తెలుగు జనప్రియ నవలల్లో యండమూరి వీరేంద్రనాథ్ ‘అభిలాష’ ఈ దృష్టితో మళ్ళీ చదవదగినది. 1983లో చలనచిత్రంగా కూడా వచ్చిన ఈ కథలో మరణశిక్షను రద్దు చేయించాలన్న పట్టుదలతో ఉన్న యువ న్యాయవాది, చేయని హత్యకు కూడా సాక్ష్యాధారాల బలంతో మనిషిని ఉరితీయవచ్చని నిరూపించడానికి ఒక బూటకపు హత్యను రూపొందిస్తాడు. ఆ ఉచ్చు అతడికే నిజంగా బిగుసుకొంటుంది. కథనంలో జనప్రియ నవలకు సహజమైన మలుపులు, ప్రేమకథ ఉన్నాయి. వాటి మధ్య ఒక గట్టి ఆలోచన ఉంది: ఆధారాలన్నీ ఒకే వైపు చూపించినంత మాత్రాన నిజం ఆ వైపే ఉండనవసరం లేదు. భారత శిక్షాస్మృతి 302వ సెక్షన్ పేరు ఇంటింటా తెలిసిన ప్రాంతంలో, ఆ సెక్షన్ కింద నిలబడిన నిర్దోషి స్థితిని ఊహింపజేసిన తెలుగు నవలగా దీనికి ఇవ్వవలసిన విలువ ఇవ్వాలి. దీని పరిమితి కూడా స్పష్టమే. ఇందులో సాక్ష్యం ప్రయోగశాలలోని వస్తువులా ఉంటుంది. భయపడే సాక్షి, అతడి ఊరు ఇందులో లేవు.

6. రెండు ఆక్షేపణలు

ఈ కొలత మీద రెండు ఆక్షేపణలు రావచ్చు. చదువరి అపరాధ నవల దగ్గరికి వచ్చేది సేదతీరడానికి. గాయమున్న మనిషి చేతిలో గాయాన్ని తలపించే పుస్తకం పెట్టడం మంచి పనేనా అన్నది మొదటిది. ఇది తోసివేయదగిన మాట కాదు. తండ్రినో అన్ననో కక్షలలో పోగొట్టుకున్న ఇంటి నుంచి వచ్చిన విద్యార్థికి షాషా నవలను పాఠ్యాంశంలా నిర్బంధించడం సిఫారసు అనిపించుకోదు. అటువంటి పాఠకుడికి యుగంధర్ గాని, పొయిరో గాని ఇచ్చే తార్కిక లోకం ఒక విశ్రాంతి. నిజం చెప్పడం ప్రమాదరహితమైన చోటును ఊహించగలగడం కూడా సాహిత్యం చేయగల ఉపకారమే. పైగా ఆధారం లేనిదే ఎవరినీ అనుమానించరాదన్న క్రమశిక్షణను చిక్కుముడి నవల నేర్పుతుంది. మసల్తీ తీర్పు కోరిన జాగ్రత్తకూ ఆ క్రమశిక్షణకూ చుట్టరికం ఉంది. కాబట్టి ఈ ప్రతిపాదన కొమ్మూరిని, క్రిస్టీని పక్కకు నెట్టదు. వారితో ఆగిపోవద్దంటుంది.

రెండవ ఆక్షేపణ భాషకు సంబంధించినది. పైన చెప్పిన వాటిలో ఎక్కువ నవలలు ఇతర భాషలవి; ఆంగ్లంలో చదవగలవారికే అందుతాయి. పల్లె నుంచి ప్రొద్దుటూరు కళాశాలకు వచ్చిన తొలితరం విద్యార్థికి వీటిని సూచించడం వల్ల ఏమి ప్రయోజనం? ఈ ప్రశ్నకు సమాధానం కూడా ప్రొద్దుటూరులోనే ఉంది. వైద్యుడిగా, న్యాయవాదిగా, కార్మిక నాయకుడిగా, 1983లో శాసనసభ్యుడిగా ఈ పట్టణ జీవితంలో భాగమైన ఎం.వి. రమణారెడ్డి, ఫ్రెంచి ఖైదీ హెన్రీ షారియర్ ఆత్మకథాత్మక రచన ‘పాపియాన్’ను ‘రెక్కలు చాచిన పంజరం’గా తెలుగు చేశారు. హత్యానేరం మోపబడి, ఆ నేరం తాను చేయలేదంటూ ద్వీప కారాగారాల నుంచి పదేపదే తప్పించుకోజూసిన మనిషి కథ అది. దాన్ని తెలుగు పాఠకుడికి అందించాలన్న ఆలోచన ఈ నేల మీద పుట్టడం యాదృచ్ఛికం అనిపించదు. నేరం, శిక్ష, నిర్దోషిత్వం అన్న విషయాలపై ఇక్కడి పాఠకులకు ఉన్న ఆసక్తి తీవ్రతకు అది ఒక నిదర్శనం. ఒక వ్యక్తి చేయగలిగిన పనిని తెలుగు శాఖలు, అనువాద అధ్యయన విభాగాలు ప్రణాళికతో చేపట్టవచ్చు. సుమారు వందన్నర పుటలలో ముగిసే షాషా, మార్క్వెజ్ నవలలు ఆ పనికి అనువైనవి.

7. ముగింపు

అపరాధ నవలను సిఫారసు చేయడం రుచి చెప్పడంతో ముగిసే పని కాదు. అది పాఠకుడు నిలబడిన చోటును గుర్తించడం కూడా. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పాఠకులలో అధిక సంఖ్యాకులు హంతకుడి స్థానంలోనూ లేరు, పరిశోధకుడి స్థానంలోనూ లేరు. వారు చూసినవారు, విన్నవారు, చెప్పాలా వద్దా అని తేల్చుకోలేకపోయినవారు, అటువంటి వారి బిడ్డలు. సంప్రదాయ నవల వారిని మెట్టుగా వాడుకున్నది. సినిమా వారిని గుంపుగా చూపింది. షాషా, మార్క్వెజ్, హార్పర్, హిగాషినో, కొంతవరకు ‘అభిలాష’ వారి స్థానాన్ని కథ నడిమికి తెచ్చాయి. ఈ పుస్తకాలను ‘ది డ్రై’, ‘అభిలాష’లతో ఆరంభించి, హిగాషినో మీదుగా మార్క్వెజ్, షాషాల దాకా చదివించడం ఫలవంతమైన క్రమం.

ఈ పఠనం చివర ఒక లోటు కనిపిస్తుంది. కడప కథకు నేలను గురించిన జ్ఞానం ఉంది. తెలుగు పరిశోధక నవలకు ఆధారాన్ని తూచే తర్కం ఉంది. ఆ రెండూ కలిసిన నవలలో కథానాయకుడు డిటెక్టివ్ కానవసరం లేదు. పోలీసులకు చెప్పిన మాటను ఏళ్ళ తరువాత కోర్టులో నిలబెట్టుకోవాలా అని ఆలోచిస్తూ జమ్మలమడుగు బస్సులో కూర్చున్న ఒక నడివయసు స్త్రీ కావచ్చు. ఆమె ఏమి చెబుతుందన్నదే ఆ నవలలోని మిస్టరీ. అటువంటి నవలను రాయగల రచయితను తయారు చేసేది ముందుగా అటువంటి నవలలను చదివిన పాఠకలోకమే. మంచి సిఫారసు అవసరం అక్కడే ఉంది.